మై హాబీ ఈజ్ గార్డెనింగ్!

తెలుగువాళ్ళంత తోటపని ప్రియులు ఈ భూప్రపంచంలో ఇంకెవరూ ఉండరు. నమ్మకం కుదరకపోతే ఐఈఎల్‌టీఎస్ స్పీకింగ్ పరీక్షకి తయారవుతున్న మన సాఫ్ట్‌వేర్ వాళ్ళని ఓ పదిమందిని కూర్చోబెట్టి, ఖాళీ టైంలో ఏం చేస్తారని ఇంగ్లీషులో అడిగి చూడండి. నలుగురు గార్డెనింగ్ అంటారు. ముగ్గురు ఫొటోగ్రఫీ అంటారు. ఇద్దరు పుస్తకాలు చదువుతాం అంటారు, ఏ పుస్తకం అని మాత్రం అడక్కూడదు. మిగిలిన ఒక్కడూ "ఐ హావ్ నో హాబీస్" అని తల దించుకుంటాడు. ఇక ఆ గార్డెనింగ్ నలుగురూ ఉండేది మియాపూర్‌లోనో మారతహళ్ళిలోనో తొమ్మిదో అంతస్తు ఫ్లాట్లో. బాల్కనీలో ఉన్నది ఒక్క తులసి మొక్క. దానికి నీళ్ళు పోసేది వాళ్ళమ్మగారు :)

ఆఫీసులో ఎవరికి పీఆర్ ఆలోచన వచ్చినా శనివారం పూట నా దగ్గరకొచ్చి మాక్ టెస్ట్ పెట్టమంటారు. నేనేమీ ఇంగ్లీషు పండితుణ్ణి కాదు. ఫోనులో టైమర్ పెట్టుకుని ప్రశ్నలు చదివేవాణ్ణి, అంతే. కానీ ఇన్ని శనివారాలుగా అవే నాలుగు అబద్ధాలు, అవే మాటల్లో, అదే వరసలో విని విని ఒళ్ళు మండి ఇది రాస్తున్నాను. "ఇట్ హెల్ప్స్ మీ టు రిఫ్రెష్ మై మైండ్ అండ్ రిలీవ్ మై స్ట్రెస్" అన్న వాక్యం ఇంకొక్కసారి వింటే నా స్ట్రెస్ ఎవరు తీరుస్తారో తెలీదు.

ముందుగా, ఈ పరీక్ష జోలికి పోనివాళ్ళ కోసం నాలుగు ముక్కలు. స్పీకింగ్ మొత్తం 11 నుంచి 14 నిమిషాలు. మాట్లాడించడానికి ఒక మనిషి ఉంటారు, మనం మాట్లాడేదంతా రికార్డవుతుంది. మొదటి భాగం నాలుగైదు నిమిషాలు: ఊరు, ఉద్యోగం, ఇల్లు, ఇష్టాలు. రెండో భాగంలో చేతికొక కార్డిస్తారు. ఒక నిమిషం ఆలోచించుకుని, ఒకటి రెండు నిమిషాలు ఆగకుండా మాట్లాడాలి. మీకిష్టమైన పని ఏమిటి, ఎప్పుడు మొదలుపెట్టారు, ఎవరితో చేస్తారు, ఎందుకిష్టం, ఇదీ వరస. మూడో భాగంలో అదే విషయాన్ని కాస్త పైకి లేపి చర్చ పెడతారు: మీ తాతల కాలంతో పోలిస్తే ఇప్పుడు జనానికి తీరిక తగ్గిందా, పిల్లలకి హాబీలు అవసరమా, ఇలాంటివి. మార్కులకి నాలుగే పద్దులు, నాలుగూ సమానం. ధారాళంగా, పొందికగా మాట్లాడటం ఒకటి. పదసంపద రెండు. వ్యాకరణం మూడు. ఉచ్చారణ నాలుగు.

ఐదో పద్దు లేదు. మీ హాబీ ఎంత గొప్పది అన్నదానికి మార్కుల్లేవు. అది నిజమా అబద్ధమా అన్నదానికి కూడా లేవు. ఈ బ్యాండ్ల వివరాలు ఏ రహస్య తాళపత్రాల్లోనూ లేవు, పరీక్ష పెట్టేవాళ్ళే తమ సైటులో అందరికీ కనబడేలా పెట్టారు. మన కోచింగ్ సెంటర్లో మాత్రం "స్టాండర్డ్ హాబీ చెప్పండి, ఇంప్రెషన్ బావుంటుంది" అని నూరిపోస్తారు. ఇంప్రెషన్ ఏ కాలమ్‌లో వేస్తారండీ?

ఇది సరదా గొడవేమీ కాదు. డబ్బు, కాలం, కాపురాలు ముడిపడి ఉన్న గొడవ. ఒక చిన్న లెక్క చూడండి. 2015లో మొదలైన కెనడా ఎక్స్‌ప్రెస్ ఎంట్రీ పాయింట్ల పద్ధతిలో, పెళ్ళికాని ఒక బీటెక్ కుర్రాడు, కెనడా బయట మూడేళ్ళు దాటిన అనుభవం. రీడింగ్, రైటింగ్, లిజనింగ్ మూడూ తొమ్మిదో స్థాయికి చేరాయి. స్పీకింగ్‌లో 7 రావలసింది 6.5 వచ్చింది. భాష పద్దు కింద 8 పాయింట్లు పోతాయి. అక్కడితో అయిపోదు. డిగ్రీకీ భాషకీ కలిపి ఇచ్చే 25 కాస్తా 13 అవుతుంది. అనుభవానికీ భాషకీ కలిపి ఇచ్చే 50 కాస్తా 25 అవుతుంది. మొత్తం 45 పాయింట్లు, ఒక్క అర బ్యాండుకి! పిలుపు వస్తుందా రాదా అన్నది అంతకన్నా చిన్న తేడాల మీద తేలిపోతుంటుంది. పదిహేను వేల పైన ఫీజు కట్టి, రెండేళ్ళు మాత్రమే చెల్లే స్కోరు కోసం, వయసు పాయింట్లు ఏటికేడు కరిగిపోతుండగా, మనవాడు అక్కడికెళ్ళి ఎన్నడూ పెంచని గులాబీల గురించి మాట్లాడతాడు.

"అబద్ధమైతే ఏంటి? అది సత్యహరిశ్చంద్ర పరీక్ష కాదుగా" అని వాదించేవాళ్ళున్నారు. నిజమే, అబద్ధం చెప్పినందుకు మార్కులు కోయరు. నా గొడవ నీతి గురించి కాదు, పని జరగడం గురించి. అబద్ధానికి పదాలుండవు. మొక్కలు పెంచేవాడి దగ్గర ఎరువు, పురుగు, ఎండ, కుండీ, చచ్చిపోయిన మొక్క, పక్కింటి పిల్లి, ఇన్ని ముచ్చట్లు ఉంటాయి. పెంచనివాడి దగ్గర బట్టీ పట్టిన ఐదు వాక్యాలుంటాయి. ఐదూ నలభై సెకన్లలో అయిపోతాయి. తర్వాత? కార్డు మీద రెండు నిమిషాలు మాట్లాడాలి. ఆ పైన మూడో భాగంలో ఎదుటి మనిషి మన జవాబుని పట్టుకుని ప్రశ్నని ఎటైనా తిప్పగలరు. మన కోడ్‌లో చెప్పాలంటే, హార్డ్‌కోడ్ చేసిన విలువలతో డెమో ఇస్తున్నామన్నమాట. క్లయింటు ఇన్‌పుట్ మార్చిన మరుక్షణం తెర తెల్లబోతుంది.

అన్నట్టు బట్టీ జవాబులు వినీ వినీ ఎదుటివాళ్ళకి చెవులు తేరిపోయి ఉంటాయి. అప్పటిదాకా తడబడుతూ మాట్లాడినవాడు హఠాత్తుగా న్యూస్ రీడర్‌లా ఐదు వాక్యాలు వదిలి, మళ్ళీ తడబాటులో పడితే, అది కనిపెట్టడానికి భాషాశాస్త్రంలో పీహెచ్‌డీ అక్కర్లేదు.

మా టీములో ఒక టెస్టర్ ఉండేవాడు. మొదటిసారి పరీక్షలో స్పీకింగ్ 6.5. నా దగ్గర మాక్ టెస్టుకి కూర్చుని, ఫొటోగ్రఫీ అన్నాడు. ప్రకృతి అందాలు బంధిస్తాను అన్నాడు. రోజులో ఏ వేళ ఫొటోలు బాగా వస్తాయి అని అడిగాను. మొహం వేలాడేశాడు. చాయ్ దగ్గర మాత్రం అదే మనిషి, వాళ్ళ ఊళ్ళో మొదటి రోజు మొదటి ఆట ఎలా ఉంటుందో చెబితే పక్క టీములవాళ్ళు కూడా చేరారు. ముందు రోజు రాత్రంతా పాత పేపర్లు చింపి బస్తాల్లో నింపడం, కటౌటుకి దండ వెయ్యడానికి పైకెక్కినవాడు దిగడానికి భయపడితే కిందనుంచి అందరూ సలహాలివ్వడం, హీరో మొహం కనపడక ముందే బస్తా ఖాళీ చేసేసిన తమ్ముణ్ణి వాళ్ళన్న కొట్టడం. ఇదే ఇంగ్లీషులో చెప్పు అన్నాను.

"అన్నా, సినిమా పిచ్చి కూడా హాబీ ఏంటన్నా, పరువు పోద్ది" అన్నాడు.

ఆ పరువు అన్న మాట దగ్గరే ఉంది అసలు సంగతంతా. సరే, బలవంతం మీద చెప్పాడు. ఆర్టికల్స్ రెండు మూడు చోట్ల ఎగిరిపోయాయి. అయితే చిన్నప్పుడు ఎలా చేసేవాళ్ళమో చెప్పేటప్పుడు దానికి తగ్గ క్రియ దానంతటదే వచ్చింది. అప్పటికీ ఇప్పటికీ పోలిక వచ్చింది. "ఆన్‌లైన్ టికెట్లు వచ్చాక క్యూలో తోసుకోవడం పోయింది, తోసుకోకపోతే మజా ఏముంది" అన్న అర్థం వచ్చే వాక్యం ఒకటి చెప్పాడు, అది ఏ కోచింగ్ నోట్సులోనూ ఉండదు. టైమర్ రెండు నిమిషాలు దాటినా ఆగలేదు. రెండోసారి పరీక్షలో వాడికి 7 వచ్చింది. అది సినిమా మహిమేనని నేననను, మధ్యలో రెండు నెలలు కష్టపడ్డాడు కూడా. కానీ మాట్లాడేటప్పుడు వాడి కళ్ళు సీలింగ్ వైపు వెతకడం మానేశాయి. అది నేను చూశాను.

మరి ఈ సిగ్గు ఎక్కణ్ణించి వచ్చింది? నాకు తెలిసినంతలో పుట్టుకతో రాలేదు. పదో తరగతి దాకా అందరికీ ఏదో ఒక పిచ్చి ఉండేది. గోలీలు, పతంగులు, అగ్గిపెట్టె పైబొమ్మలు, క్రికెట్ స్కోర్ల నోటుబుక్కు, రేడియోలో పాటలు, ఊరి చెరువులో గాలం. తర్వాత ఇంటర్మీడియట్ అనే యజ్ఞం మొదలైంది. నేను చదివిన రెసిడెన్షియల్ కాలేజీలో పొద్దున ఐదుకి లేస్తే రాత్రి పదిన్నర దాకా స్టడీ అవర్లు, ఆదివారం వీక్లీ టెస్టు. ఒకడి ట్రంకుపెట్టెలో వారపత్రిక దొరికితే వాళ్ళ నాన్నగారిని ఊరినుంచి పిలిపించారు. గంజాయి దొరికినట్టు! "ఇవన్నీ ఎంసెట్ అయ్యాక చూసుకోవచ్చు" అన్నారు. ఎంసెట్ తర్వాత క్యాంపస్, క్యాంపస్ తర్వాత ఆన్‌సైట్, ఆన్‌సైట్ తర్వాత ఇల్లు, ఈఎమ్ఐ. "అయ్యాక" అన్న ఆ రోజు ఇంకా రాలేదు.

ఇష్టాన్ని దాచుకోవడం అక్కడ నేర్చుకున్నాం. ఇష్టం లేనిదాన్ని ఇష్టమని రాయడం క్యాంపస్ రెజ్యూమేలో నేర్చుకున్నాం. అడుగున "హాబీస్" అని ఒక వరుస ఉంటుందే, సీనియర్ రెజ్యూమే నుంచి కాపీ పేస్ట్ కొట్టిన వరుస. పాటలు వినడం, క్రికెట్ ఆడటం, ఇంటర్నెట్ సర్ఫింగ్. పేరు మార్చారు, రోల్ నంబరు మార్చారు, హాబీలు మాత్రం బ్యాచ్ నుంచి బ్యాచ్‌కి వారసత్వంగా వచ్చాయి. అంటే ముప్ఫై ఏళ్ళొచ్చాక పరీక్ష గదిలో చెప్పే గార్డెనింగ్ కొత్త అబద్ధం కాదు, పాత అబద్ధానికి వర్షన్ 2.0.

ఇక రెండో రకం వాదన. ఇది కాస్త చదువుకున్నవాళ్ళ దగ్గర వినబడుతుంది. "హాబీ అనేదే తెల్లవాడి భావన గురూ. తీరిక ఉన్న జాతి పెట్టిన ప్రశ్న అది. పొలం పని చేసుకునే మన తాతకి హాబీ ఏముంటుంది? ఈ పరీక్షే మన సంస్కృతికి వ్యతిరేకం." వినడానికి దమ్మున్న మాటలా ఉంటుంది. కాస్త ఆగి చూడండి.

ఇంగ్లీషులో హాబీ అంటే మొదట ఒక చిన్న జాతి గుర్రం. తర్వాత పిల్లలు ఎక్కి ఊగే కొయ్యగుర్రం. ఎక్కడికీ తీసుకెళ్ళకపోయినా ఎక్కి ఊగుతాం కాబట్టి, ఆ తర్వాత సరదా పని. మనకి మాటల కరువేమీ లేదు. వ్యాపకం ఉంది. వ్యాసంగం ఉంది. అభిరుచి ఉంది, కాస్త పెళ్ళిచూపుల వాసన వేసినా సరే. కాలక్షేపాన్ని ఇప్పుడు టైంపాస్ స్థాయికి దించాం గానీ, హరికథా కాలక్షేపం అన్నప్పుడు ఊరు ఊరంతా తెల్లవార్లూ కూర్చునేది. ఆ తాతే పగలు అరక దున్ని రాత్రి పద్యనాటకంలో రాయబారం సీనుకి కృష్ణుడి వేషం కట్టేవాడు. నాలుగు రాగాలు తీసి, వన్స్‌మోర్ కొట్టించుకుని, పొద్దున్నే మళ్ళీ పొలానికి పోయేవాడు. అరుగు మీద పులిజూదం గీతలు గీసినవాడికీ, సంక్రాంతికి ఇరవయ్యొక్క చుక్కల ముగ్గు పెట్టిన మామ్మకీ తెల్లవాడొచ్చి హాబీ నేర్పలేదు.

తెల్లవాడి సంగతే తీసుకున్నా, చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ ఈస్టిండియా కంపెనీ ఉద్యోగి. జీతం వచ్చింది కచేరీ పనికి. ఆ పని పక్కన వేమన పద్యాలు సేకరించాడు, పండితులకి సొంత డబ్బు పెట్టి ప్రతులు రాయించాడు, 1852లో తెలుగు ఇంగ్లీషు నిఘంటువు అచ్చువేయించాడు. ఆఫీసు పని కానిది చేసిన ఒక మనిషి వల్ల మనకి మిగిలిన ఆస్తి అది. అంతదూరం ఎందుకు, 2003 డిసెంబరులో మొదలైన తెలుగు వికీపీడియా పేజీలు రాసినవాళ్ళు ఎవరు? ఎవరూ జీతమివ్వకుండా, ఆఫీసు అయ్యాక కూర్చుని తమ ఊరి గురించి, చూసిన సినిమాల గురించి రాసినవాళ్ళు. అందులో మన సాఫ్ట్‌వేర్ వాళ్ళు తక్కువేమీ కాదు. వాళ్ళలో ఒకరు పరీక్ష గదిలో కూర్చుని "గార్డెనింగ్" అంటే ఎంత అన్యాయం!

కాబట్టి ప్రశ్న పరాయిది కాదు. దానికి జవాబు మన దగ్గర ఉండేది, మనమే పోగొట్టుకున్నాం. సంస్కృతిని అడ్డం పెట్టుకుని తప్పించుకోవడం కూడా గార్డెనింగ్ లాంటిదే, కాస్త ఖరీదైన గార్డెనింగ్.

అయితే ఒక్క చోట మాత్రం ఈ ప్రశ్న నిజంగానే ముల్లులా గుచ్చుకుంటుంది. మా ఆఫీసులో ఒకావిడ, ఇద్దరు పిల్లల తల్లి, "ఫ్రీ టైమా? ఎక్కడుందండీ, ఉంటే చూపించండి" అంది. ఆవిడ అన్నది వేళాకోళం కాదు. జాతీయ గణాంక కార్యాలయం 2019లో చేసిన టైం యూజ్ సర్వేలో, ఇంటిపని చేసేవాళ్ళని తీసుకుంటే ఆడవాళ్ళు రోజుకి సగటున 299 నిమిషాలు, మగవాళ్ళు 97 నిమిషాలు దానికి వెచ్చిస్తున్నారని తేలింది. మూడు రెట్లు! ఆ పైన స్టాండప్ కాల్సు, స్ప్రింట్లు మామూలే. అలాంటావిడకి కోచింగ్‌లో ఏం నేర్పారో తెలుసా? "మై హాబీ ఈజ్ కుకింగ్" అని చెప్పమన్నారు. రోజూ నడుం విరిగేలా చేసే చాకిరీని హాబీ అని నవ్వుతూ చెప్పమనడం కన్నా దౌర్జన్యం ఏముంటుంది?

నేను ఆవిడకి చెప్పింది ఒకటే. నాకు తీరిక లేదు అన్నదే మీ జవాబు. ఎందుకు లేదో చెప్పండి. పెళ్ళికి ముందు ఏం చేసేవారో చెప్పండి. ఒక ఆదివారం పూర్తిగా మీ చేతికిస్తే ఏం చేస్తారో చెప్పండి. ఆవిడ వీణ గురించి చెప్పింది. అమ్మగారింట్లో అటక మీద గలేబుతో సహా ఉందట. అదే మాట్లాడుతూ భూతకాలం, వర్తమానం, "అయితే గియితే" వాక్యాలు అన్నీ తడుముకోకుండా వాడేసింది. వ్యాకరణం పద్దు కింద వాళ్ళకి కావలసింది సరిగ్గా అదే. చెప్పడం అయ్యాక కాసేపు ఏం మాట్లాడలేదు. నేనూ టైమర్ ఆపేశాను.

ఈ మధ్య ఇంకో దారి పట్టారు మనవాళ్ళు. "పీటీఈ రాస్తే మైకుతో మాట్లాడితే చాలు, మనిషి మొహం చూడక్కర్లేదు, మార్కులు కంప్యూటర్ వేస్తుంది" అని. ఎవరి వీలు వారిది, ఆ పరీక్షని తప్పుపట్టను. కానీ మనిషి ఎదురుగా కూర్చుని మీకేమిష్టం అని అడిగితే భయమేసి యంత్రం దగ్గరకి పారిపోతున్నాం అంటే మాత్రం ఆలోచించవలసిందే. రేపు అక్కడికెళ్ళాక సోమవారం పొద్దున కాఫీ మిషన్ దగ్గర కొలీగ్ "వీకెండ్ ఏం చేశావ్" అని అడుగుతాడు. దానికి పీటీఈ లేదు.

తయారయ్యేవాళ్ళకి నాకు తోచిన నాలుగు మాటలు. స్టాండర్డ్ హాబీల జాబితా చించెయ్యండి. పోయిన నెలలో ఎవరూ చెప్పకుండా, డబ్బు రాకుండా, టైం మర్చిపోయి మీరు చేసిన పని ఏమిటో గుర్తు చేసుకోండి. పాత సినిమా కామెడీ సీన్లు చూడటమా, ఎన్ని హోటళ్ళలో ఎన్ని రకాల దోసెలు తిన్నారో లెక్క పెట్టుకోవడమా, నాన్నగారి బోరు మోటారుని ఫోన్లో రిపేరు చేయించడమా, ఊరికే మేడ మీద పడుకుని చుక్కలు చూడటమా, ఏదైనా పనికొస్తుంది. దాన్ని ముందు తెలుగులో ఒక స్నేహితుడికి చెప్పండి. మీరు ఎక్కడ చేతులు ఊపారో, ఎక్కడ నవ్వారో గమనించండి. ఆ చోట్లకి కావలసిన ఇంగ్లీషు మాటలు మాత్రం వెతుక్కోండి. వాక్యాలు రాసుకోకండి, రాసుకుంటే బట్టీ పట్టేస్తారు, మన రక్తంలో ఉంది అది. మన యాస గురించి బెంగ వద్దు. పై బ్యాండ్లలో కూడా అడిగేది మాట తేలిగ్గా అర్థమవ్వాలనే, లండన్లో పుట్టినట్టు ఉండాలని ఎక్కడా రాయలేదు.

ఇవన్నీ చేశాక కూడా నిజంగా ఏమీ గుర్తుకు రాకపోతే, అది ఇంగ్లీషు సమస్య కాదు, కోచింగ్ ఫీజుతో తీరేదీ కాదు. అప్పుడు పరీక్ష తేదీ ఓ నెల వెనక్కి జరుపుకుని ముందు ఆ సంగతి చూడండి. పద్దెనిమిదో ఏట "అయ్యాక చూసుకోవచ్చు" అని అటకెక్కించింది ఏదో ఒకటి ఉండే ఉంటుంది. దింపండి. దుమ్ము దులపండి. ఈలోగా మీ ఇంట్లో పదేళ్ళ పిల్లో పిల్లాడో పనికిమాలినదేదో చేస్తూ కనబడితే, దయచేసి "చదువు అయ్యాక చూసుకోవచ్చు" అని మాత్రం అనకండి.